జ్ఞానమ్మ కిటికీ తెర

తెల్లవారగానే ఆల్బీన్ చేసే మొదటి పని పక్కింటి పొయ్యి వెలిగించడం. తన ఇంట్లో పొయ్యి చల్లగా పడి ఉన్నా సరే, ముందు కొట్టంలోంచి చంకెడు బిర్చి కట్టెలు తీసుకుని, మంచు పడుతున్నా వాన పడుతున్నా కంచె సందులోంచి దూరి వెళ్ళి, వెరోనిక వంటింట్లో చప్పుడు కాకుండా దించేవాడు. ఆ జాగ్రత్త ఉత్త మర్యాదకే. అప్పటికే ఆమె మేలుకుని, గోడవార మంచం మీద పడుకునే జపమాల తిప్పుతూ ఉండేది.

బెరడు చీల్చి, నిప్పు పెట్టి, ఇనుప తలుపు మూసి, కట్టెలు రాజుకునేదాకా ఆ తలుపు మీద వేలి కణుపులతో తాళం వేస్తూ, కొత్తగా కట్టిన పాట పొయ్యికి చెప్పేవాడు. పాటంటే రాగం తీసేది కాదు. మాట మీద మాట, ప్రాస మీద ప్రాస, పరుగెత్తే ర్యాప్ పాట. అయ్యాక మంచం మీదినుంచి తీర్పు వచ్చేది.

"అంటుకుందిరా."

ఆ మాట వచ్చిందంటే ఆ పాట రేజెక్నె పట్నానికో, రాజధాని రీగా నగరానికో బస్సెక్కడానికి సిద్ధమైనట్టు.

"ఉత్త పొగ" అందంటే దాన్ని అక్కడే మరిచిపోవాలి. ఆల్బీన్ వాదన పెట్టుకునేవాడు కాదు. ఒక్కసారి మాత్రం, "జ్ఞానమ్మా, నీకు ర్యాప్ గురించి ఏం తెలుసు?" అన్నాడు.

"నాకేం తెలీదురా. పొయ్యికి తెలుసు. నేను దాని మాట నీకు చెప్తున్నానంతే" అన్నది ఆమె, పూస జరుపుతూ.

వేదిక మీద అతని పేరు సెప్లిస్. మా లత్గలె సీమ మాటలో అంటే ఇటిక పొయ్యి. ఆ పేరు ఎందుకు పెట్టుకున్నాడో రీగాలో ఎవరికీ తెలియదు. మా కూకోయి ఊళ్ళో ఎవరూ అడగనక్కర్లేదు.

రాజ్నా సరస్సు ఒడ్డున ఉంటుంది కూకోయి. ఆల్బీన్ తల్లి బడిలో వంట చేసేది. తండ్రి సరస్సులో చేపలు పట్టి, పొగబెట్టి, సంతలో అమ్మేవాడు. జ్ఞానస్నానం రోజు ఫాదర్ నెత్తిన నీళ్ళు పోస్తే పిల్లవాడు గుక్క పట్టి ఏడ్చాడట. ఎత్తుకుని ఉన్న వెరోనిక, "ఫాదర్, వీడి ఏడుపులో తాళం ఉందండీ" అన్నదట. ఆ రోజునుంచి ఆమె అతనికి జ్ఞానతల్లి. అతనికి మాటలొచ్చాక జ్ఞానమ్మ.

వెరోనికది ఆ చుట్టుపక్కల పేరుపొందిన గొంతు. మే నెల వస్తే, ప్రతి సాయంత్రం దారి పక్కనున్న సిలువ దగ్గర ఆడవాళ్ళంతా చేరి దేవమాత పాటలు పాడతారు కదా, మొదటి చరణం ఎత్తుకునేది ఆమె. పెళ్ళిళ్ళ కాలం వస్తే అదే గొంతు ఇంకో పనికి వెళ్ళేది. పెళ్ళికొడుకు వాళ్ళు బల్లకి ఇటు, పెళ్ళికూతురు వాళ్ళు అటు కూర్చుని, ఒకళ్ళనొకళ్ళు పాటలో ఉతికి ఆరేసుకుంటారు. వెరోనిక ఏ వైపు కూర్చుంటే ఆ వైపు గెలిచినట్టే. అందుకని పెళ్ళి ముహూర్తం కంటే ముందు ఆమె ఖాళీ ఎప్పుడో కనుక్కునేవాళ్ళు.

"మేలో దేవమాతకీ, ఆగస్టులో పెళ్ళికొడుకులకీ! ఒక్క నోటితో రెండు పనులేంటమ్మా వెరోనికా?" అని ఫాదర్ వేళాకోళమాడితే, "మీరు మాత్రం ఫాదర్, పొద్దున పూజ చేసిన చేతుల్తోనే సాయంత్రం కోళ్ళని తోలుతున్నారుగా" అనేది.

ఆల్బీన్ చిన్నతనమంతా ఆ పెళ్ళి బల్లల కిందే గడిచింది. పైన పాట నడుస్తుంటే, కింద కూర్చుని జున్ను పెట్టిన బంగాళాదుంప బూరెలు తింటూ వినేవాడు. ఒక పెళ్ళిలో లావుపాటి పెద్దమనిషి ఒకాయన ఆలస్యంగా లోపలికి వస్తుంటే వెరోనిక అందుకున్నది:

"వచ్చెనమ్మ పెద్దమనిషి, వచ్చెను చూడండి,
పొట్ట ముందు వచ్చింది, బల్ల చేరుకుంది,
బూరెలన్ని తిన్నది, బీరు కూడ తాగింది,
మనిషి ఇంకా పాపం గుమ్మం దాటలేదండి!"

ఇల్లంతా గొల్లుమంది. పెద్దమనిషి అందరికంటే గట్టిగా నవ్వి, వెరోనిక ముక్కు మీద ఏదో తిరుగు పాట కట్టాడు. అంతా అయ్యాక వెరోనిక లేచి, ఒక నల్ల రొట్టె విరిచి సగం ఆయనకిచ్చి, రాజీ పాట పాడింది. ఆ పాట పాడకుండా ఎవరూ బల్ల మీదినుంచి లేవరు. "ఎవరి మీద పాడతామో వాళ్ళు బల్ల దగ్గరుండాలిరా, తిరిగి అనే వీలుండాలి. చివర రొట్టె విరవాలి. ఈ రెండూ లేకపోతే అది పాట కాదు, రాళ్ళెయ్యడం" అని ఆల్బీన్‌కి చెప్పేది. వాడు బూరె నములుతూ తలూపేవాడు.

పదిహేనో ఏట రేడియోలో ర్యాప్ పాట మొదటిసారి విన్నప్పుడు ఆల్బీన్ పరుగున వచ్చి, "జ్ఞానమ్మా, నీ పని చేసేవాళ్ళు అమెరికాలో కూడా ఉన్నారు!" అన్నాడు. ఆమె రేడియో దగ్గర చెవి పెట్టి కాసేపు విని, "ఊపిరి బాగుంది. మరీ అంత కోపమెందుకో, అన్నం తినలేదేమో" అన్నది.

మొదట్లో ఆల్బీన్ రీగా వాళ్ళ భాషలో పాటలు కట్టాడు. రేజెక్నెలో అంటీముట్టనట్టు చప్పట్లు కొట్టారు. రీగాలో అదీ లేదు. అతని యాస వినగానే గుంపులోంచి ఎవడో "ఒరేయ్ చంగాలీ, దుంపలు తవ్వుకో ఫో!" అని అరిచాడు. వాళ్ళు మమ్మల్ని చంగాలీలంటారు, మేం వాళ్ళని చ్యూలీలంటాం. రెంటికీ అర్థమేమిటని ఎవరూ అడగరు. అవతలివాడి చెవులు ఎర్రబడితే చాలు. ఆ రోజు ఆల్బీన్ చెవులు నిజంగానే ఎర్రబడ్డాయి. ఏం చెయ్యాలో తోచక, పొద్దున పొయ్యికి చెప్పుకున్న పాట, మా ఇంటి భాషలోది, చెవుల్లోంచి పొగ వస్తున్నవాడిలా చెప్పేశాడు. సగం మాటలు వాళ్ళకి అర్థం కాలేదు. అయినా తలలన్నీ ఒక్క తాళానికి ఊగాయి. అరిచినవాడే ముందుకొచ్చి, "ఇంకోటి వెయ్యరా దుంపలోడా" అన్నాడు.

అక్కడినుంచి దారి పడింది. వారమంతా బడి బస్సు నడిపేవాడు. శుక్రవారం సాయంత్రం ఆఖరి పిల్లని దింపి, రీగా బస్సు అందుకునేవాడు. ఆలస్యమైతే ఆ బస్సు డ్రైవరు ఇంజన్‌కి ఏదో అయినట్టు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి అతని కోసం ఆపేవాడు. సాధన చేసుకోవడానికి ఫాదర్ గుడి పక్క హాలు తాళం ఇచ్చాడు. గోడలు అదిరిపోతున్నాయని ఎవరో ఫిర్యాదు చేస్తే, "దేవుడికి చప్పుడు కొత్త కాదు. పిడుగులు ఆయనవేగా" అన్నాడట. రేడియోలో సెప్లిస్ పాటలు రావడం మొదలయ్యాక, "మా అబ్బాయి పాట ఇంకోసారి వెయ్యండి, చివరి మాట సరిగ్గా వినబడలేదు" అని ఫోన్లు చేసేది కుర్రాళ్ళు కాదు, మే నెలలో సిలువ దగ్గర పాడే ముసలమ్మలు.

అతని పెళ్ళి కుదిరిన సంవత్సరం జరిగింది ఈ సంగతి. పిల్ల పేరు దైగ, సముద్రం వైపు పిల్ల, పాటలు పాడే కుటుంబం. ఆగస్టులో రై ధాన్యం కోతలయ్యాక పెళ్ళి. పెళ్ళికొడుకు వైపు బల్లకి మొదట వెరోనిక కూర్చోవాలని వేరే చెప్పనక్కర్లేదు. "మా నానమ్మ మీ జ్ఞానమ్మ కోసం రెండేళ్ళకి సరిపడా పాటలు కట్టి పెట్టింది" అని దైగ అంటే, "మా జ్ఞానమ్మకి కట్టి పెట్టుకోవడం చేతకాదు. అప్పటికప్పుడు వండి వడ్డిస్తుంది" అనేవాడు ఆల్బీన్.

జూన్ నెలలో, పొద్దు గుంకనని మొండికేసే సాయంత్రం, రీగాలో దౌగావ నది ఒడ్డున పాత గోదాములో ర్యాప్ పోటీ పెట్టారు. ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి మాటలతో కొట్టుకోవాలి. ఆల్బీన్‌కి ఎదురుగా వచ్చినవాడు రైవిస్, సన్నగా పొడుగ్గా ఉంటాడు, మంచి పాటగాడు. ఒంటి మీద ఎర్ర మఖమలు కోటు, భుజాలకి బంగారు కుచ్చులు. రైవిస్ ముందు మొదలుపెట్టి, మా దుంపల మీదా, ఆవుల మీదా, బడి బస్సు మీదా బాగానే వాయించాడు. ఆల్బీన్ నవ్వుతూ నిలబడ్డాడు. తన వంతు రాగానే ఆ కుచ్చుల వంక చూశాడు. ఎక్కడో చూసినట్టుంది. ఏ ఇంటి ముందు గదిలోనో. అంతే, నోరు ముందు, ఆలోచన వెనక:

"రైవిస్ భుజం మీద తెర వేలాడుతోంది,
రాజుగారి వేషం బాగానే ఉంది,
అమ్మ కిటికీ పాపం బోసిపోయింది,
వీధి వీధంతా లోపలికి చూస్తోంది!"

గోదాము కప్పు లేచిపోయింది. జనం గోడలు కొట్టారు, నేల తొక్కారు. రైవిస్ ఏదో అనబోయి, మైకు దించి, వేదిక దిగి వెళ్ళిపోయాడు. ఆల్బీన్ గెలిచాడు.

ఆ వీడియో కూకోయికి అతనికంటే ముందే చేరింది. పోస్టు తెచ్చే అమ్మాయి తన ఫోనులో వెరోనికకి చూపించింది. మర్నాడు ఆల్బీన్ కట్టెలు దించి, పొయ్యి వెలిగించి, సంతోషంగా కొత్త పాట చెప్పాడు. మంచం మీదినుంచి "అంటుకుంది" లేదు, "పొగ" లేదు. జపమాల పూసల చప్పుడు మాత్రం వినబడింది.

"జ్ఞానమ్మా, నిద్రపోతున్నావా?"

"లేదు."

"మరి?"

"రాజీ పాట ఏదిరా?"

ఆల్బీన్ నవ్వాడు. "అది పెళ్ళి కాదు జ్ఞానమ్మా, ర్యాప్ పోటీ. అందులో రాజీ పాట ఉండదు. వాడు నన్నన్నాడు, నేను వాణ్ణన్నాను."

"వాణ్ణి అన్నావా?" వెరోనిక లేచి కూర్చుంది. "నేను విన్నాను. వాడి అమ్మని అన్నావు. ఆవిడ బల్ల దగ్గరుందా? తిరిగి అనే వీలుందా? చివర రొట్టె విరిచావా?"

ఆల్బీన్ పొయ్యి తలుపు తీసి ఇంకో కట్టె లోపలికి తోశాడు.

"నీకు నోరు నేర్పింది నేనే" అన్నది ఆమె, ఏమాత్రం గొంతు పెంచకుండా. "సగమే నేర్చుకున్నావు. ఆ మిగతా సగం నేర్చుకునేదాకా నీ పెళ్ళి బల్లకి మొదట నేను కూర్చోను. వస్తాను, తింటాను, దీవిస్తాను. పాడను."

అదీ దెబ్బ. వెరోనిక పాడని పెళ్ళికొడుకు వైపు ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు. దైగకి ఫోన్ చేస్తే, "ఆవిడ పాడకపోతే మా నానమ్మ కట్టి పెట్టిన పాటలన్నీ ఎవరి మీద పాడాలి? గోడ మీదా?" అని ముందు నవ్వి, తరవాత మెల్లగా, "వెళ్ళి ఆ అమ్మని చూసి రా ఆల్బీన్" అన్నది.

శనివారం రీగా వెళ్ళి రైవిస్‌ని పట్టుకున్నాడు. రైవిస్ ఒక రొట్టెల దుకాణం వెనక బండిలోంచి పెట్టెలు దించుతున్నాడు. మామూలు చొక్కా వేసుకున్నాడు.

"నామీద కోపమా?" అని అడిగాడు ఆల్బీన్.

"నాకెందుకురా కోపం? నేను మీ ఆవుల్ని వదిలానా?" అంటూ ఒక పెట్టె అతని చేతికిచ్చాడు, అదీ మోసేయమన్నట్టు. "పద్యం బాగుంది కూడాను. కానీ అమ్మ చూసింది. ఆ కోటు అమ్మే కుట్టింది. తను పనిచేసే కుట్టు మిల్లు మూతబడ్డాక ఇంట్లో కొత్త బట్ట లేదు. నా మొదటి కచేరీకి, మా అమ్మమ్మ ఇచ్చిన తెర విప్పి కుట్టి పెట్టింది. ఆ కోటు చూసి సగం మంది పాటగాళ్ళు మాకూ కుట్టమని వచ్చారు. నీ పాట విన్నాక కుట్టు మిషను మీద గుడ్డ కప్పేసి పూలకుండీ పెట్టేసింది. నేనేం చెప్పినా వినట్లేదు."

పెట్టెలన్నీ దించేసి ఇద్దరూ కలిసి వెళ్ళారు. రైవిస్ తల్లి స్కైద్రీతె చిన్న మనిషి, శుభ్రమైన మనిషి. ముందు గది కిటికీకి నిజంగానే తెర లేదు. ఎదురు మేడలో ఒక ముసలాయన చారు తాగుతూ స్పష్టంగా కనబడుతున్నాడు. ఆల్బీన్ ఆ కిటికీ వంక చూడలేక నేల చూశాడు. తెచ్చిన నల్ల రొట్టె రెండు చేతుల్తో పట్టుకుని, గుమ్మంలోనే నిలబడి, వెరోనిక నేర్పిన రాజీ పాట పాడాడు:

"పాటలో అన్నాను, పాటలోనే తీసుకున్నాను,
ముల్లు నేనే వేశాను, ముల్లు నేనే ఏరుకున్నాను,
ఒక రొట్టె, ఒక ఉప్పు, ఒకే బల్ల మనది,
మీరు నవ్వితే గాని నా చెయ్యి ముక్క ముట్టదండి!"

"బాగుంది నాయనా. మంచి గొంతు" అన్నది స్కైద్రీతె. కూర్చోమన్నది. టీ ఇచ్చింది. తేనె కేకు కోసి పెట్టింది. "ఆ సంగతి పట్టించుకోకు. నువ్వన్నది నిజమేగా. అది కిటికీ తెరే" అన్నది. ఎంతో మర్యాదగా మెట్ల దాకా సాగనంపింది. పూలకుండీ మాత్రం మిషను మీదే ఉంది.

పొద్దున పొయ్యి దగ్గర అంతా చెప్పాడు.

"నవ్విందా?" అన్నది వెరోనిక.

"లేదు. కేకు పెట్టింది."

"తిట్టిందా?"

"లేదు. మెట్ల దాకా వచ్చింది."

"అయితే ఆవిడ ఇంకా బల్ల దగ్గరికి రాలేదురా. చుట్టాన్ని పంపించినట్టు పంపించేసింది." ఒక పూస జరిపింది. "నువ్వేమో ఇవ్వడానికి వెళ్ళావు. రొట్టె ఇచ్చావు, పాట ఇచ్చావు. ఆవిడ తీసుకుని పక్కన పెట్టింది. చేతి పని వచ్చిన మనిషికి నువ్విచ్చేదేంటి? అడగాలి."

"ఏమడగను?"

వెరోనిక మంచం దిగి, ముక్కాలి పీట కిటికీ దగ్గరికి లాగమన్నది. అతని భుజం పట్టుకుని పీటెక్కింది. వంటింటి తెర, వెరోనిక తల్లి తన మగ్గం మీద నేసిన అవిసె నార తెర, అంచున నీలం పువ్వులు, పండగలకి మాత్రమే ఉతికి ఆరేసేది. దాన్ని కొక్కేల నుంచి ఒక్కొక్కటీ తీసి, మడిచి, అతని చేతిలో పెట్టింది. పొద్దుటి ఎండ ఒక్కసారిగా పొయ్యి దాకా వచ్చి పడింది.

"అయ్యో జ్ఞానమ్మా, దారిన పోయేవాళ్ళంతా..."

"చూడనీ. దుంపలు వలుచుకునేదేగా చూస్తారు. ఫో, బస్సు వెళ్ళిపోతుంది."

ఆ రోజు రీగా బస్సులో ఆ మూట ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు. పైన పెట్టమని డ్రైవరు రెండుసార్లు చెప్పినా పెట్టలేదు. స్కైద్రీతె తలుపు తీసి, మళ్ళీ ఇతనే అని చూసి, ఆశ్చర్యపోయి, అలవాటు కొద్దీ టీ పెట్టబోయింది. ఆల్బీన్ వద్దన్నాడు. మూట విప్పి తెరని బల్ల మీద పరిచాడు. రైవిస్ గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

స్కైద్రీతె దూరంగానే నిలబడింది. కాసేపటికి అద్దాలు పెట్టుకుంది. ఇంకాసేపటికి అంచు పట్టుకుని వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"అవిసె నార. చేతి నేత. ఎవరిది?"

"మా జ్ఞానమ్మ వాళ్ళమ్మ నేసిందండి. ఇవాళ పొద్దుటిదాకా జ్ఞానమ్మ వంటింటి కిటికీకి ఉంది."

"మరి ఇప్పుడా కిటికీ?"

"బోసిగా ఉందండి" అన్నాడు ఆల్బీన్. "ఇందాక బస్సులో ఉండగా ఊళ్ళోంచి ఫోను వచ్చింది. పోస్టు అమ్మాయి ఆగి, చారులో ఉప్పు ఎక్కువైందని చెప్పి పోయిందట. ఫాదరు సైకిలు దిగి లోపలికి చేయి ఊపాడట. మా ఊరు ఊరంతా ఇప్పుడు ఆవిడ వంట చూసే పనిలో ఉంది."

స్కైద్రీతె పెదవి ఒక పక్కకి వంగింది. ఆపుకోబోయింది. ఎదురు మేడ ముసలాయన సరిగ్గా అప్పుడే చారు గిన్నెతో కిటికీ దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఆమె ఆయన్ని చూసి, తెరని చూసి, భుజాలు కదిలేలా నవ్వేసింది. రైవిస్ గబగబా వెళ్ళి మిషను మీది పూలకుండీ తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు, ఆమె మనసు మార్చుకునేలోపే.

ఆల్బీన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఎన్ని వేదికలెక్కినా ఎప్పుడూ తడబడని నోరు అప్పుడు కాస్త తడబడింది.

"అమ్మా, ఆగస్టులో నా పెళ్ళి. దీంతో నాకు పెళ్ళి కోటు కుట్టి పెట్టాలి. కుచ్చులు కూడా పెట్టండి. అది వేసుకుని నేను బల్ల దగ్గర కూర్చుంటాను. మీరు వచ్చి పెళ్ళికూతురి వైపు, సరిగ్గా నాకెదురుగా కూర్చుని, ఆ కోటు మీద మీకెంత తోస్తే అంత పాడాలి. మా జ్ఞానమ్మ ఇటువైపు కాచుకుని ఉంటుంది. వస్తారా అమ్మా?"